అశోకా రోడ్డు కవాతు నుండి మీ ఊరి శిబిరం వరకు

ఢిల్లీ వెళ్ళివచ్చిన తెలుగువారికి అశోకా రోడ్డు అనగానే ఒకటవ నంబరులోని ఆంధ్రప్రదేశ్ భవన్, అక్కడి భోజనం జ్ఞప్తికి వస్తాయి. ఆ రోడ్డు ఇండియా గేటు వలయాన్ని తాకుతుంది. ఏటా జనవరి 26న ఆ చేరువనే కవాతు చేసేవారిలో జాతీయ సేవా పథకం విద్యార్థులూ ఉంటారు.

ఇది పట్టణపు వేడుక అని భావించకండి. 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాలలో సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైన ఈ పథకానికి మీ వంటి గ్రామాలే కార్యక్షేత్రం. ప్రతి సేవకుడూ రెండేళ్ళలో 240 గంటలు సేవ చేయాలి. దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరంలో పాల్గొనాలి. అక్కడ బియ్యం కొలిచేది, పలుగు పారలు ఎవరికిచ్చారో వ్రాసేది, సాయంకాలం లెక్క ఒప్పగించేది విద్యార్థులే. తమ మాట వినవలసిన అగత్యం లేని పెద్దలను ఇంకుడుగుంత త్రవ్వుకొనుటకు ఒప్పించడం మాత్రం లెక్కలు వ్రాసినంత సులభం కాదు. నాయకత్వం అక్కడే అలవడుతుంది.

ఒక లోపం చెప్పక తప్పదు. ఎనిమిదవ నాడు పిల్లలు వెళ్ళిపోతారు. పూడిక తీసేవారు లేకుంటే ఆ గుంత మూసుకొనిపోతుంది. కనుక శిబిరం ముగియకముందే మీ ఊరి యువతీయువకులు నలుగురిని వారితో జతచేయండి. నాబార్డు 1982లో ఆరంభించిన వికాస్ వాలంటీర్ వాహిని సంఘాలు, అనంతరకాలపు రైతు క్లబ్బులు, స్థానికుల బలంతోనే నడిచాయి. అదనపు ఆదాయంలో కొంత పొదుపు, వాయిదాల సకాల చెల్లింపు వాటి సూత్రాలు. తోటి రైతుకు ఆ మాట చెప్పేవాడు ముందు తన వాయిదా కట్టి ఉండాలి!

డీలర్లకొక విన్నపం: పురుగుమందు డబ్బాపై రంగుల గుర్తును ఆ పిల్లలచేత రైతులకు వివరింపజేయండి. ఎరుపు అత్యంత విషపూరితం, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ స్వల్పవిషం.