హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ కన్సోల్: ధర, విపణి

హ్యాండ్‌హెల్డ్ గేమింగ్ కన్సోల్ అనగా తెర, మీటలు, స్పీకరు, బ్యాటరీ అన్నీ ఒకే పెట్టెలో ఇమిడి, చేతిలో పట్టుకొని ఎక్కడైనా ఆడుకోవడానికి వీలైన వీడియో గేమ్ యంత్రము. టీవీకి తగిలించి ఆడే కన్సోళ్ళకు ఇది భిన్నమైనది. నింటెండో వారి గేమ్ బాయ్ (1989), డీఎస్ (2004), స్విచ్ (2017), సోనీ వారి పీఎస్‌పీ (2004) వీటిలో ప్రసిద్ధమైనవి. డీఎస్, స్విచ్ ఒక్కొక్కటి ప్రపంచవ్యాప్తంగా 15 కోట్లకు పైగా అమ్ముడైనవి. భారతదేశంలో మాత్రం ఈ యంత్రం సామాన్య కుటుంబానికి ఎన్నడూ చేరువ కాలేదు. ధర ఇందుకు ముఖ్య కారణమే గాని, పెట్టెపై ముద్రించిన ధర ఒక్కటే చూస్తే విషయం సగమే అర్థమవుతుంది.

ధర నిర్ణయం

కన్సోల్ తయారీదారులు సాధారణంగా యంత్రంపై తక్కువ లాభం వేసుకొని, కొన్నిసార్లు నష్టానికైనా అమ్మి, ఆటల అమ్మకంపై ఆ సొమ్ము రాబట్టుకుంటారు. ప్రింటరు చవకగా ఇచ్చి, సిరాను ఎక్కువ ధరకు అమ్మే పద్ధతి వంటిదే ఇది. కాబట్టి కొనుగోలుదారు లెక్కించవలసినది యంత్రం ధరతో పాటు ఆటలు, బ్యాటరీలు, మెమరీ కార్డుల ఖర్చు కూడా.

గేమ్ బాయ్ అమెరికాలో సుమారు 90 డాలర్లకు విడుదలైంది. దాని తెరకు రంగులు లేవు, వెలుగు లేదు. సెగా వారి గేమ్ గేర్‌కు రంగుల తెర ఉన్నది, ధర సుమారు 150 డాలర్లు. అయితే గేమ్ గేర్ ఆరు పెన్సిల్ సెల్లులను నాలుగైదు గంటలలోనే ఖాళీ చేసేది. గేమ్ బాయ్ నాలుగు సెల్లులతో పది గంటలకు పైగా నడిచేది. రంగులు లేని యంత్రమే గెలిచింది. తరువాత వచ్చిన గేమ్ బాయ్ కలర్‌తో కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడైంది.

తప్పు ధరకు ఉదాహరణగా నింటెండో 3డీఎస్‌ను చెప్పవచ్చును. 2011 మార్చిలో అమెరికాలో 249.99 డాలర్లకు వచ్చిన ఈ యంత్రం ధరను, అమ్మకాలు మందగించడంతో ఆగస్టులోనే 169.99 డాలర్లకు తగ్గించవలసి వచ్చింది. సంస్థ అధ్యక్షుడు సతోరు ఇవాటా తన జీతంలో సగం వదులుకున్నాడు. ముందుగా ఎక్కువ ధర పెట్టి కొన్నవారికి ఇరవై పాత ఆటలను ఉచితంగా ఇచ్చారు. యంత్రం తేరుకుని చివరకు ఏడున్నర కోట్లు దాటింది. అదే సంవత్సరం డిసెంబరులో జపానులో విడుదలైన సోనీ పీఎస్ వీటా అలా తేరుకోలేదు. దానికి సోనీ ప్రత్యేకంగా చేసిన మెమరీ కార్డులే వాడాలి. 32 జీబీ కార్డు ధర అమెరికాలో దాదాపు 100 డాలర్లు! యంత్రం ధర తక్కువగా చూపి కార్డు దగ్గర రాబట్టుకోవాలనుకోవడం కొనుగోలుదారులకు నచ్చలేదనే చెప్పాలి.

భారతదేశంలో పన్నులు

2018 కేంద్ర బడ్జెట్‌లో వీడియో గేమ్ కన్సోళ్ళపై కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుండి 20 శాతానికి పెంచారు. అప్పటికి వీటిపై వస్తు సేవల పన్ను 28 శాతం ఉండేది. 2018 డిసెంబరులో జరిగిన జీఎస్టీ మండలి సమావేశం దానిని 18 శాతానికి తగ్గించింది.

ఆ రేట్ల ప్రకారం 10,000 రూపాయల విలువ గల యంత్రం ఓడరేవులో దిగితే, దానిపై సుంకం 2,000 రూపాయలు, సుంకంపై పది శాతం సర్‌ఛార్జి 200 రూపాయలు. ఈ 12,200 మొత్తంపై 18 శాతం పన్ను 2,196 రూపాయలు. అంటే దుకాణదారు లాభం కలపకముందే 14,396 రూపాయలు అవుతుంది. పన్ను 28 శాతం ఉన్న కాలంలో ఇదే యంత్రం 15,616 రూపాయలు అయ్యేది. పన్నుపై పన్ను పడడం ఇక్కడ గమనించదగినది.

నింటెండో స్విచ్‌ను భారతదేశంలో అధికారికంగా విడుదల చేయలేదు. ఇక్కడ దొరికేవి దుబాయి, సింగపూరు వంటి చోట్ల నుండి వర్తకులు తెప్పించినవి, ప్రయాణికులు సామానులో తెచ్చినవి. వీటికి తయారీదారు వారంటీ ఉండదు. ధర కూడా సరఫరాను బట్టి మారుతుంది. తయారీదారు దేశానికొక ధర పెట్టలేడని కాదు. 2025లో వచ్చిన స్విచ్ 2ను నింటెండో జపాను భాష మాత్రమే ఉన్న కూర్పుగా 49,980 యెన్‌లకు, అన్ని భాషల కూర్పుగా 69,980 యెన్‌లకు అమ్మింది. అటువంటి సదుపాయం భారతీయులకు కలగలేదు.

హైదరాబాదులో

రహమత్ నగర్ హైదరాబాదులోని జూబ్లీహిల్స్ శాసనసభ నియోజకవర్గంలో, యూసుఫ్‌గూడ, బోరబండల పక్కన ఉన్న జనసమ్మర్దమైన ప్రాంతం. ఫిల్మ్ నగర్, సినీ కార్మికులు ఎక్కువగా నివసించే కృష్ణానగర్ ఇక్కడికి దగ్గరే. ఇటువంటి పేటలలోని పిల్లలకు తెలిసిన తొలి చేతి వీడియో గేమ్, బొమ్మల దుకాణాలలో అమ్మిన బ్రిక్ గేమ్. దానిపై "9999 ఆటలు" అని ముద్రించేవారు. లోపల ఉండేవి పట్టుమని పదిరకాలే, మిగిలినవి వాటి వేగం మార్చినవి. అయినా రెండు సెల్లులతో నెలల తరబడి నడిచేది. అసలు కన్సోళ్ళ కోసం సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్లకు పోవలసి వచ్చేది.

పీఎస్‌పీ కాలంలో చాలామంది యంత్రంలోని సాఫ్టువేరును మార్పించుకుని నకలు ఆటలు ఆడేవారు. ఫిల్మ్ నగర్‌లోని తెలుగు ఫిలిం ఛాంబరు వీడియో పైరసీపై ప్రత్యేక విభాగాన్నే నడిపింది; ఆటల తయారీదారులకు అటువంటి అండ లేకపోయింది. ఆ నష్టం ఎక్కడో జపానులో ఉన్న సంస్థలదే కాదు. హైదరాబాదుకు చెందిన గేమ్‌శాస్త్ర సంస్థ గిల్లీ దండా, కబడ్డీ, గాలిపటాల వంటి ఆటలతో "దేశీ అడ్డా" అనే గేమును తయారు చేయగా, సోనీ దానిని 2009లో పీఎస్‌పీ, ప్లేస్టేషన్ 2 యంత్రాలకు విడుదల చేసింది. యంత్రం కొన్నవారు తక్కువ, వారిలో ఆటకు డబ్బు పెట్టేవారు ఇంకా తక్కువ అయినప్పుడు ఇటువంటి స్థానిక ప్రయత్నాలు కొనసాగడం కష్టం.

స్మార్ట్‌ఫోన్ తరువాత

2016లో జియో రాకతో మొబైల్ డేటా చవకైంది. 2018లో వచ్చిన పబ్జీ మొబైల్‌ను ఉచితంగా దింపుకోవచ్చును. 2020 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం దానిని నిషేధించినా, మరుసటి సంవత్సరమే బీజీఎంఐ పేరుతో భారతీయ కూర్పు వచ్చింది. మాట్లాడడానికి, చెల్లింపులకు ఎలాగూ కొనవలసిన ఫోనులోనే ఆట దొరుకుతున్నప్పుడు, ఆటకే పనికివచ్చే యంత్రాన్ని వేరుగా కొనమని ఇంటి పెద్దను ఒప్పించడం తేలిక కాదు.

ఆ తరువాత అధికారికంగా భారతదేశానికి వచ్చిన యంత్రాలు ఎక్కువగా సంపన్నుల కోసమే. అసుస్ ఆర్‌ఓజీ అలై 2023 జూలైలో రూ. 69,990కి విడుదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో మల్టీప్లెక్సు టికెట్టుకు నిర్ణయించిన గరిష్ఠ ధర, పన్ను కాక, 250 రూపాయలు. ఆ లెక్కన ఈ యంత్రం 280 టికెట్లతో సమానం. అయితే ఇది నిజానికి చిన్న కంప్యూటరు. కంప్యూటరు ఆటలను అమ్మే స్టీమ్ అంగడిలో ధరలు రూపాయలలో, తరచు అమెరికా ధరకన్నా తక్కువగా ఉంటాయి కనుక ఆటలు ఎక్కువగా కొనేవారికి కాలక్రమంలో కొంత కలిసివస్తుంది. సోనీ 2024 డిసెంబరులో రూ. 18,990కి తెచ్చిన ప్లేస్టేషన్ పోర్టల్ ధర తక్కువగా కనిపించినా, అది ప్రధానంగా ఇంట్లోని ప్లేస్టేషన్ 5 ఆటను వైఫై ద్వారా చూపే తెర మాత్రమే. ప్లేస్టేషన్ 5, నిలకడైన ఇంటర్నెట్ కనెక్షను లేని ఇంట్లో దానితో పెద్దగా ప్రయోజనం లేదు.