వేక్‌బోర్డు మీద తిరగాలనే వారికి నేల మీది సాధన



గత వేసవిలో మన సంఘంలోని ఒక తల్లి ఓపీ దగ్గర మమ్మల్ని ఆపి, అమెరికాలో ఉద్యోగం చేస్తున్న కొడుకు పంపిన వీడియో చూపించింది. ముందు మోటారు పడవ వెళ్తోంది. వెనుక తాడు పిడి పట్టుకుని, ఒక పలక మీద నిలబడి అబ్బాయి జారుతూ వస్తున్నాడు. పడవ లేపిన అల మీద నుండి గాలిలోకి ఎగిరి, సగం చుట్టు తిరిగి, నీళ్ళలో అడ్డంగా పడ్డాడు. "మోకాలు వాచిందట సిస్టరమ్మా, ఇదేమి ఆట?" అని అడిగింది.

దీనిని వేక్‌బోర్డింగ్ అంటారు. పడవ వెనుక లేచే అలకే ఇంగ్లీషులో వేక్ అని పేరు. 1985లో అమెరికాలో టోనీ ఫిన్ అనే ఆయన తయారు చేసిన స్కర్ఫర్ అనే పలక ఈ ఆటకు దారి తీసింది. ఇప్పటి పలకకు రెండు బూట్లు బిగించి ఉంటాయి, పాదాలు వాటిలో ఇరుక్కుని ఉంటాయి. పడవ గంటకు 30 కిలోమీటర్లకు పైగా వేగంతో లాగుతుంది. ఆ వేగంలో అల మీద నుండి ఎగిరి 180 డిగ్రీలు, 360 డిగ్రీలు తిరగడం యువకులకు పెద్ద సరదా.

బోరబండలో ఉన్నవారికి ఇది ఎందుకు అని అనుకోవద్దు. మన స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే తరువాతి స్టేషనే హైటెక్ సిటీ. మన పిల్లలు చాలా మంది అక్కడ రోజుకు తొమ్మిది, పది గంటలు కుర్చీలో కూర్చుని పని చేస్తారు. ప్రాజెక్టు మీద విదేశాలకు వెళ్ళినప్పుడు తోటి ఉద్యోగులతో కలిసి శనివారం ఇలాంటి ఆటకు దిగుతారు. కుర్చీలో బిగుసుకుపోయిన తుంటి, ముందుకు వంగిన భుజాలు, బలం తగ్గిన పిరుదు కండరాలు. ఆ శరీరంతోనే ఒక్కసారిగా గాలిలో తిరగబోతారు. ఆట వద్దని మేము చెప్పము. నీళ్ళలోకి దిగే ముందు ఆరు వారాలైనా నేల మీద సాధన చేయమని చెబుతాము.

అసలు విషయం మోకాలిలో ఉంది. మోకాలు తలుపు బందు లాంటిది. ముందుకు వెనుకకు బాగా మడుచుకుంటుంది, పక్కకు మెలి తిరగడం దానికి కొద్దిగానే వీలవుతుంది. తిరిగే పని తుంటి కీలుది, వెన్ను పైభాగానిది. ఆ రెండూ బిగుసుకుని ఉంటే మెలిక అంతా మోకాలి మీద పడుతుంది. పలక నీళ్ళలో ఇరుక్కుని, బూటులో పాదం కదలక, పై శరీరం మాత్రం తిరిగిపోతే మోకాలి లోపలి లిగమెంటు తెగవచ్చు.

రెండవది చేయి. మన ఆడపిల్లలు ఆడే ఒప్పులకుప్ప గుర్తు తెచ్చుకోండి. ఇద్దరు చేతులు పట్టుకుని వెనక్కి వాలి గిరగిర తిరుగుతారు. దగ్గరకు వచ్చే కొద్దీ వేగం పెరుగుతుంది, దూరం జరిగితే తగ్గుతుంది. వేక్‌బోర్డులో కూడా అంతే. పిడిని ముందు వైపు తుంటికి దగ్గరగా ఉంచుకున్నవారు సులువుగా తిరుగుతారు. చేయి చాచినవారిని పడవ ముందుకు లాగేస్తుంది, తిరగడం మధ్యలో ఆగుతుంది, భుజం జారే ప్రమాదమూ ఉంది. 360 తిరగాలంటే వీపు వెనుక పిడిని ఒక చేతి నుండి రెండవ చేతికి మార్చుకోవాలి. ఇది నీళ్ళ మీద నేర్చుకునే పని కాదు. గట్టి స్తంభానికో, వేపచెట్టుకో నడుము ఎత్తులో తాడు కట్టి, చివర చిన్న కర్ర పిడి బిగించండి. తలుపు గడియకు కట్టవద్దు, ఊడి వస్తుంది. చెట్టుకు పక్కగా నిలబడి, మోకాళ్ళు కొంచెం వంచి, తాడు బిగువుగా ఉండేటట్లు వాలి, పిడిని తుంటి దగ్గరకు తెచ్చుకోండి. ముందు నిలబడిన చోటనే, ఎగరకుండా, వీపు వెనుక చేతులు మార్చండి. చూడకుండా మార్చగలిగిన తరువాతనే చిన్న ఎగురు కలపాలి. తల, భుజాలు ముందు తిరిగితే నడుము, కాళ్ళు వాటిని అనుసరిస్తాయి. కాళ్ళతో బలవంతంగా తిప్పవద్దు.

ఎగరడం కంటే దిగడం మీద ఎక్కువ రోజులు గడపాలి. తొక్కుడుబిళ్ళ ఆడిన ఆడవారికి ఇది కొత్త కాదు. మొదట తిరగకుండా ఎగిరి దిగండి. దిగినప్పుడు చప్పుడు వినపడకూడదు. దబ్బుమని వినిపించిందంటే దెబ్బ కీళ్ళకు తగిలినట్లే. మోకాళ్ళు ఒకదాని వైపు ఒకటి లోపలికి వాలుతున్నాయేమో ఇంట్లో ఎవరినైనా ఎదురుగా నిలబడి చూడమనండి. ఇది బాగా వచ్చాక పావు చుట్టు, తరువాత సగం చుట్టు. వారం రోజుల్లో పూర్తి చుట్టుకు వెళ్ళాలనే తొందర మగపిల్లల్లో ఎక్కువగా చూస్తున్నాము.

బలానికి జిమ్ అవసరం లేదు. బడిలో శిక్షగా తీసిన గుంజీళ్ళు ఇప్పుడు మందు, నెమ్మదిగా పది చొప్పున రెండు మూడు సార్లు తీయండి. పళ్ళు తోముకునేటప్పుడు ఒక కాలి మీద నిలబడండి. పక్కకు పడుకుని, మోచేయి, పాదం ఆనించి నడుము లేపి 20 సెకన్లు ఉంచండి. ఇది నడుము పక్క కండరాలకు చాలా మంచిది. ఐదు లీటర్ల నీళ్ళ క్యాను పట్టుకుని, ముందుకు వంగి మోచేతిని వెనక్కి లాగండి. వారానికి మూడు రోజులు చాలు, మధ్యలో ఒక రోజు విశ్రాంతి ఇవ్వండి. కండరం నొప్పి ఉండవచ్చు గాని కీలులో నొప్పి వస్తే ఆపాలి. రక్తపోటు ఉన్నవారు, పాత మోకాలి దెబ్బ ఉన్నవారు డాక్టరును అడగకుండా ఎగురుడు మొదలుపెట్టవద్దు.

ఎంత సాధన చేసినవారికీ దెబ్బ తగలవచ్చు. మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి 2018లో మెల్‌బోర్న్‌లో జిమ్నాస్టిక్స్ ప్రపంచ కప్ పోటీలో వాల్టులో కాంస్య పతకం తెచ్చింది. ఆ పోటీల్లో పతకం గెలిచిన మొదటి భారతీయురాలు ఆమె. మరుసటి ఏడు మోకాలి లిగమెంటుకు దెబ్బ తగిలి ఆపరేషన్ చేయించుకోవలసి వచ్చింది. ఓపికగా కోలుకుని 2021 డిసెంబరులో కైరోలో రెండు బంగారు పతకాలు గెలిచింది. ఆపరేషన్ తరువాత నెలల తరబడి చేసే వ్యాయామాన్ని మా రోగులు మధ్యలోనే మానేస్తుంటారు, అందుకే ఈమె సంగతి చెబుతున్నాము.

పడినప్పుడు మోకాలిలో 'టప్'మని వినిపించి, కొన్ని గంటల్లోనే వాస్తే లిగమెంటు అని అనుమానించాలి. నూనె రాసి మర్దనా చేయవద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచి, బరువు మోపకుండా ఆసుపత్రికి తీసుకురండి. తలకు దెబ్బ తగిలి వాంతి, మగత, మతిమరుపు కనిపిస్తే ఒక్క గంట కూడా ఆగవద్దు. ఈత వచ్చినవారైనా లైఫ్ జాకెట్ లేకుండా నీళ్ళలోకి దిగకూడదు. పడవలో నడిపేవారు కాక, వెనక్కి చూస్తూ మరొకరు తప్పనిసరిగా ఉండాలి.

ఆ తల్లి కొడుకుకు స్కాన్ తీస్తే లిగమెంటు తెగలేదు, సాగింది. మూడు నెలలు ఆటకు దూరంగా ఉండమన్నారు. ఇప్పుడు ఇంటి వెనుక చెట్టుకు తాడు కట్టుకుని చేతులు మార్చడం నేర్చుకుంటున్నాడట. ఈ వ్యాయామాలు ఎవరికైనా చేసి చూపించాలంటే మా ఫిజియోథెరపీ గదికి రండి. వదులు బట్టలు వేసుకుని, ఒక తువ్వాలు తెచ్చుకోండి.