కుక్కను తోడు తీసుకుని అరకు వెళ్లాలంటే

పెంపుడు కుక్కను వెంటబెట్టుకుని విహారయాత్రకు వెళ్లాలనుకునేవారు ముందుగా చూసుకోవలసింది ఆ కుక్క వయసు, జాతి, ఒంటి తీరు. ఊరు, హోటలు, సెలవులు ఆ తర్వాతి సంగతి. కుక్కకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. చెమట గ్రంథులు దాదాపు అరికాళ్లకే పరిమితం. ఒంట్లో వేడి బయటకు పోవాలంటే నాలుక బయటపెట్టి రొప్పాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఎంత రొప్పినా వేడి తగ్గదు. కోస్తాలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోత కుక్కల ప్రాణం తీసేది ఇందుకే. పగ్, బుల్‌డాగ్, బాక్సర్, షిట్జు వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసనాళం ఇరుకు కాబట్టి ఎండలోనూ, ఎగుడు దారిలోనూ త్వరగా ఆయాసపడతాయి. ఒత్తయిన జుట్టున్న హస్కీ, సెయింట్ బెర్నార్డ్‌లకు కొండల్లో బాగానే ఉంటుంది గానీ అక్కడికి చేరేదాకా వేడితో నరకమే. నాటు కుక్కలు, ముధోల్ హౌండ్ వంటి దేశీయ జాతులు వేడికి బాగా తట్టుకుంటాయి.

తెలుగువారికి అందుబాటులో ఉన్న కొండ ప్రాంతాల్లో కుక్కకు బాగా సరిపడేది అరకు లోయ. విశాఖపట్నం నుంచి సుమారు 115 కిలోమీటర్లు, సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తు. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు పగలు కూడా నడకకు హాయిగా ఉంటుంది. రాత్రిళ్లు మాత్రం బాగా చలి. పొట్టి జుట్టున్న కుక్కలకు, ముసలివాటికి పరుచుకోవడానికి మందపాటి దుప్పటి, ఒంటికి కోటు తప్పనిసరి. డిసెంబరు, జనవరి శని ఆదివారాల్లో ఘాట్ రోడ్డంతా వాహనాలతో నిండిపోతుంది. హారన్ మోతకు బెదిరే కుక్కను ఆ రోజుల్లో తీసుకెళ్లకపోవడమే మేలు. వారం మధ్యలో వెళ్లగలిగితే అదే అరకు పూర్తిగా వేరుగా ఉంటుంది.

విశాఖ నుంచి కిరండూల్ లైనులో సొరంగాలు దాటుకుంటూ వెళ్లే రైలు ప్రయాణానికి పెద్ద పేరు. కానీ అది కుక్కకు అచ్చిరాదు. రైల్వే నిబంధనల ప్రకారం యజమాని పక్కనే కుక్క ఉండాలంటే ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపేను గానీ, నాలుగు బెర్తుల క్యాబిన్‌ను గానీ మొత్తం తీసుకోవాలి. ఏసీ టూటైర్, త్రీటైర్, చైర్‌కార్, స్లీపర్ బోగీల్లో కుక్కకు ప్రవేశం లేదు. అద్దాల పైకప్పున్న విస్టాడోమ్‌లోనూ కుదరదు. మిగిలిన దారి గార్డు బోగీలోని కుక్కల పెట్టె. చీకటి, కుదుపు, ఇనుప చప్పుడు మధ్య కొన్ని గంటలు ఒంటరిగా గడిపిన కుక్క దిగాక కోలుకోవడానికే ఒక పూట పడుతుంది. హైదరాబాదు నుంచి విశాఖ దాకా ఫస్ట్ ఏసీలో తీసుకెళ్లేవారు స్టేషన్‌లోని పార్శిల్ ఆఫీసులో ముందుగా బుక్ చేసుకోవాలి. టీకాల పుస్తకం, పశువైద్యుడు ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం దగ్గర ఉండాలి. విశాఖ నుంచి కొండెక్కడానికి కారే ఉత్తమం.

కారులో కుక్క ఉండవలసింది వెనుక సీటులో, ఛాతీకి తొడిగే పట్టీని సీటుబెల్టుకు తగిలించి. మెడపట్టీకి తగిలిస్తే సడన్ బ్రేకు వేసినప్పుడు మెడ నలుగుతుంది. ఒళ్లో కూర్చోబెట్టుకుని నడపడం ఇద్దరికీ ప్రమాదమే. శృంగవరపుకోట దాటగానే మలుపులు మొదలవుతాయి. పెద్ద కుక్కల్లో కూడా చాలావాటికి అక్కడ కడుపులో తిప్పుతుంది. నోటి నుంచి చొంగ కారడం, పదేపదే ఆవులించడం, పెదవులు నాకడం దానికి ముందు గుర్తులు. బయలుదేరడానికి మూడు నాలుగు గంటల ముందే కొద్దిగా తిండి పెట్టి, ఆ తర్వాత నీళ్లు మాత్రమే ఇస్తే వాంతులు చాలావరకు తగ్గుతాయి. మందు కావాలంటే డాక్టరును అడగాలి. మనుషుల మాత్ర విరిచి పెట్టడం తప్పు. టైడా దగ్గరో, అనంతగిరి దగ్గరో ఆగినప్పుడు గొలుసు చేతికి వచ్చాకే తలుపు తీయాలి. కారు దిగీ దిగగానే వాసన పట్టి రోడ్డు మీదికి దూకే కుక్కలే ఘాట్ రోడ్డులో ఎక్కువగా దెబ్బతింటాయి. అద్దాలు మూసిన కారులో కుక్కను వదిలి టీ తాగడానికి వెళ్లడం చలికాలంలో కూడా కూడదు. ఎండలో నిలిపిన కారు లోపల నిమిషాల్లోనే వేడెక్కుతుంది.

బస దగ్గర ఒక్క మాటతో సరిపెట్టుకోకూడదు. ‘కుక్కలను రానిస్తారా’ అంటే ‘రానిస్తాం’ అనే హోటళ్లలో కొన్ని, చేరాక వాచ్‌మన్ గది పక్కన కట్టేయమంటాయి. గదిలోకి రానిస్తారా, తోటలో తిప్పవచ్చా, కాంపౌండు గోడ పూర్తిగా ఉందా, అక్కడ పెంచే కుక్కలున్నాయా, అదనంగా ఎంత తీసుకుంటారు అనేవి ఫోనులోనే తేల్చుకుని, జవాబును సందేశంగా తెప్పించుకోవాలి. కొత్త చోట మొదటి రాత్రి కుక్కకు నిద్ర పట్టదు. ఇంట్లో అది పడుకునే పాత బొంతను ఉతక్కుండా తెచ్చి వేస్తే ఆ వాసనకు కుదురుకుంటుంది.

అరకు వెళ్లేవారి జాబితాలో ఉండే చోట్లలో సగం కుక్కకు పనికిరావు. బొర్రా గుహల్లో మెట్లు, జనం, గబ్బిలాలు, బయట కోతులు. కోతిని చూసిన కుక్కను ఆపడం బలమైన మనిషికీ కష్టమే. చాపరాయి దగ్గర నీళ్లు ఊరిస్తాయి గానీ నాచు పట్టిన బండల మీద కుక్క కాలు కూడా జారుతుంది. అలాంటివి వదిలేసుకోవడమే తెలివైన పని. కుక్కకు కావలసింది వాసనలు. కాఫీ తోటల మధ్య నీడదారిలో, తోట యజమాని అనుమతితో, పొద్దున్నే ఒక గంట నింపాదిగా తిప్పితే చాలు. అది ఆగిన ప్రతిచోటా ఆగాలి. కిలోమీటరు నడకకు గంట పట్టినా కుక్కకు అది నిండైన షికారు. మధ్యాహ్నం తారురోడ్డు మీద నడిపించే ముందు అరచేతి వెనుకభాగాన్ని రోడ్డుకు ఆనించి చూడాలి. ఐదారు సెకన్లు ఉంచలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదాలకూ పనికిరాదు.

గిరిజన గ్రామాల పక్కన నడిచేటప్పుడు గొలుసు చేతిలోంచి వదలకూడదు. పెరట్లో తిరిగే కోళ్లు, గట్ల మీది మేకలు ఆ ఇళ్లకు జీవనాధారం. పట్నం కుక్క సరదాగా తరిమినా ఒక కుటుంబానికి నష్టమే. ఊరి కుక్కలు తమ హద్దులోకి వచ్చిన దాన్ని గుంపుగా ఎదుర్కొంటాయి. అప్పుడు పరుగెత్తకుండా వెనక్కి తిరిగి మెల్లగా వచ్చేయాలి. సంత రోజున ఆ దారినే పోకపోవడం మంచిది.

తిండి విషయంలో అరకులో రెండు ప్రత్యేక ప్రమాదాలున్నాయి. ఒకటి బొంగులో చికెన్. ఉడికిన కోడి ఎముక పెళుసుగా చీలి, మొనదేలిన ముక్కలు గొంతులోనో పేగుల్లోనో గుచ్చుకుంటాయి. అందులోని ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్రరక్తకణాలను దెబ్బతీస్తాయి. రెండోది దుకాణాల్లో అమ్మే చాక్లెట్ పూసిన కాఫీ గింజలు. చాక్లెట్‌లోని థియోబ్రోమిన్, కాఫీలోని కెఫిన్ రెండూ కుక్కకు విషమే. అవి కలిస్తే వాంతులు, గుండె దడ, వణుకు, చివరకు ఫిట్స్. సంచిలో కొని పెట్టుకున్న పొట్లం కుక్క ముక్కుకు చిక్కకుండా దాచడం గుర్తుంచుకోవలసిన పని.

అన్ని అడవుల్లోకీ కుక్కను తీసుకెళ్లడం కుదరదు. అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పులుల రిజర్వుల్లోకి పెంపుడు కుక్కలను రానివ్వరు. ఆ కట్టడి సబబైనదే. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ అడవి జంతువులకూ సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో దాదాపు మూడోవంతు సింహాలు దాని వల్లే చనిపోయాయి. 2018లో గిర్ అడవిలో చనిపోయిన సింహాల్లోనూ అదే వైరస్ బయటపడింది. చిరుతకు కుక్క సులువైన ఆహారం కూడా. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్లే దారి అమ్రాబాద్ పులుల రిజర్వు గుండా పోతుంది. అక్కడ మధ్యలో కారు ఆపి కుక్కను కాలకృత్యాలకు దింపకూడదు. విశాఖ, భీమిలి తీరాల్లో చలికాలం నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఇసుక తవ్వే అలవాటున్న కుక్కను ఆ నెలల్లో రాత్రిపూట, తెల్లవారుజామున తీరంలో వదలకూడదు.

బయలుదేరే ముందు రేబిస్ టీకా, డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్‌లను అడ్డుకునే కలగలుపు టీకా వేయించి ఉండాలి. మొదటిసారి వేయించేవారు కనీసం మూడు నాలుగు వారాల ముందే ఆ పని చూసుకోవాలి. లెప్టోస్పైరోసిస్ ఎలుకల మూత్రం కలిసిన నిలవ నీటి ద్వారా వస్తుంది కాబట్టి గుంటల్లో నీళ్లు తాగనివ్వక, వెంట తెచ్చిన నీళ్లే పట్టాలి. అరకులోనూ, విశాఖలోనూ ఉన్న పశువైద్యుల నంబర్లు ముందే రాసిపెట్టుకోవాలి.

కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. 104 దాటితే ప్రమాదం. చిగుళ్లు ముదురు ఎరుపెక్కి, చిక్కని చొంగ కారుతూ, తూలుతుంటే అది వడదెబ్బే. వెంటనే నీడకు చేర్చి, ఒళ్లంతా చల్లని నీళ్లతో తడుపుతూ విసరాలి. తడిబట్ట కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలిచిపోతుంది. తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు పట్టి, అదే ఊపున ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తోటల్లో, గడ్డిలో తిరిగిన కుక్కకు పట్టే గోమార్లు చిన్న విషయం కాదు. వాటిని ఆపే మందు చుక్కలనో మాత్రనో వైద్యుడి సలహాతో ముందే వేసినా, ప్రతి సాయంత్రం వెలుతురులో వెతకాలి. చెవుల లోపల, వేళ్ల సందుల్లో, మెడపట్టీ కింద, చంకల్లో, తోక అడుగున అవి దాక్కుంటాయి. చిమటాతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. వేళ్లతో చిదమకూడదు, కిరసనాయిలు పోయకూడదు. గోమారు జ్వరం కుట్టిన రోజునే బయటపడదు, ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. అందుకే ఇంటికి వచ్చాక మూడు వారాల లోపు కుక్క తిండి మానేసినా, ఒళ్లు కాలినా, ముక్కు నుంచి రక్తం కారినా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. కొండల్లో తిరిగి వచ్చామన్న సంగతి ఆయనకు ముందుగా చెప్పాలి.