విరిగిందల్లా దోషి కాదు!

టక్... టక్... టక్!

హనుమాన్ జంక్షన్లో లారీ మెకానిక్‌కి ఆ చప్పుడు చాలు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవి దగ్గర పెట్టుకుంటాడు. 'ట్యాపెట్ లూజైంది' అని తేల్చేస్తాడు. నూజివీడు మామిడికాయల లోడు మగ్గిపోకముందే బండి కదలాలి మరి! చప్పుడు ఆగితే ఆయన పని అయిపోయినట్టే.

అదే చప్పుడు ఇంకా మార్కెట్లోకి రాని కొత్త కారు ఇంజిన్లో వస్తే? అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఎందుకొచ్చిందో కనిపెట్టకపోతే ఆ లోపం లక్షల కార్లతో పాటు మన ఇళ్లకొచ్చేస్తుంది.

అందుకే పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థల్లో ఇంజిన్‌ను డైనమోమీటర్‌కి బిగించి పరీక్షిస్తారు. ఫుల్ లోడ్ మీద వందల గంటలు తిప్పుతారు. సలసలా కాగిన కూలెంట్ వెనకే చల్లటిది పంపి, హెడ్ గ్యాస్కెట్ ఎంతవరకూ ఓర్చుకుంటుందో చూస్తారు. మధ్యమధ్యలో ఇంజినాయిల్‌కి 'రక్తపరీక్ష'! రాగి, సీసం కనిపిస్తే బేరింగులు అరుగుతున్నాయేమోనని అనుమానం. అల్యూమినియం ఎక్కువైతే పిస్టన్ల మీద. సిలికాన్ కనిపిస్తే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందేమో చూడాలి. చప్పుడుకీ ఓ లెక్కుంది. క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది ఒక్క చుట్టే. కాబట్టి రెండు చుట్లకోసారి 'టక్'మంటే ముందు వాల్వుల వైపు చూస్తారు.

ఇన్ని చేసినా దొంగ తప్పించుకుంటాడు. రేసు ఇంజిన్లయితే ఆ సంగతి జనం ముందే బయటపడుతుంది.

1967 జూన్ 4. హాలెండ్‌లోని జాండ్‌వూర్ట్ ట్రాక్. ఫోర్డ్ డబ్బుతో ఇంగ్లండ్‌లోని కాస్‌వర్త్ సంస్థ తయారుచేసిన డీఎఫ్‌వీ ఇంజిన్‌కి అదే తొలి ఫార్ములా వన్ రేసు. అందరికంటే ముందు దూసుకెళ్తున్న గ్రాహం హిల్ కారు 11వ ల్యాప్‌లో ఆగిపోయింది. క్యామ్‌షాఫ్ట్‌ని తిప్పే గేరు పళ్లు విరిగాయి. విచిత్రమేంటంటే, అదే ఇంజిన్‌తో పరుగెత్తిన జిమ్ క్లార్క్ ఆ రేసు గెలిచేశాడు!

గెలిచాంగా అని ఊరుకోవచ్చు. లేదా ఇంకాస్త గట్టి గేర్లు వేసి చేతులు దులుపుకోవచ్చు. ఇంజిన్ రూపకర్త కీత్ డక్‌వర్త్ మాత్రం అసలు ఆ పళ్లని విరగ్గొడుతున్నదేమిటో వెతికాడు. చివరికి దొరికింది... గేర్లను మెలితిప్పే కంపనం! కాగితం మీద వేసుకున్న లెక్కని మించి ఎన్నో రెట్ల బలం పళ్ల మీద పడుతోంది. దాంతో గేర్ల వరుసలో, 12 సన్నటి కడ్డీలున్న హబ్ ఒకటి పెట్టాడు. స్ప్రింగుల్లా కాస్త మెలి తిరిగి ఆ దెబ్బను అవే తీసుకునేవి.

1983 నాటికి ఆ కుటుంబం ఇంజిన్లు గెలిచిన గ్రాండ్‌ప్రీలు 155.