నలువది రెండవ కీర్తన — మెండెల్సన్ బృందగానము

గౌతమీతీరమున యానాములో వసించు మనకు దాహమనిన నేమో తెలియదని పరస్థలులు తలంపవచ్చును. కాని వేసవిదినములలో సముద్రపు పోటుతో నుప్పునీరు నదిలోని కెదురెక్కినప్పుడు, కన్నులయెదుట నది నిండుగా నున్నను దోసెడు నీరు త్రాగ వలనుపడదు. నలువది రెండవ కీర్తన రచించిన భక్తుని స్థితియు నిట్టిదే. వాగునీటికై యలమటించు దుప్పివలె నాతడు దేవునికొరకు తపించుచున్నాడు. అయినను తరంగము లాతనిమీదుగా పొర్లిపోవుచున్నవి.

ఈ కీర్తనకు జర్మనీదేశపు సంగీతవిద్వాంసుడగు ఫెలిక్స్ మెండెల్సన్ 1837వ సంవత్సరమున బృందగానము కూర్చెను. గోదావరి డెల్టాలో సువార్తపని ప్రారంభించిన బౌడెన్, బీర్ దొరలు ఇండియాకు వచ్చిన మరుసటి యేడే యిది జరిగెను. మెండెల్సన్ 1809లో హాంబర్గు పట్టణమున యూదుకుటుంబమున జనించి, 1816లో బాప్తిస్మము పొందెను. 1837 మార్చినెలలో వివాహమాడి, భార్యతో ప్రయాణము చేయుచున్న దినములలోనే యీ రచనకు పూనుకొనెను. 1838 జనవరి 1వ తేదీని లైప్‌జిగ్ నగరమున నిది మొదట పాడబడెను. పిమ్మట నాయన దీనిని పెంచి యేడు భాగములు గావించెను.

మన తెలుగు క్రైస్తవ కీర్తనలను సంఘమంతయు నొకే స్వరమార్గమున పాడును. చరణము ముగిసినపిదపనే పల్లవి మరల వచ్చును. పాశ్చాత్య బృందగానమందన్ననో, స్త్రీలు హెచ్చుస్థాయివారు, తగ్గుస్థాయివారు నని రెండు పాయలుగను, పురుషులు నట్లే రెండు పాయలుగను విడివడి, వేర్వేరు స్వరముల నేకకాలమున పాడుదురు.

మొదటి భాగమును తగ్గుస్థాయి స్త్రీకంఠములు మెల్లగా నారంభింపగా తక్కినవారు వచ్చి కలియుదురు. రెండవ భాగమున నొక స్త్రీ యొంటరిగా తన దాహమును పాడును. మన సన్నాయి జాతికి చేరిన ఓబో యను వాద్య మామెకు తోడగును. నాల్గవ భాగమున బృందము తన ప్రాణమునే యింత దిగులేలయని ప్రశ్నించి, దేవునియందు నిరీక్షింపుమని తానే బదులు చెప్పుకొనును. ఈ ప్రశ్న కీర్తనయందు రెండుమారులు వచ్చును. అది మన పల్లవివంటిది.

మేము విద్యార్థులకు ముఖ్యముగా విశదపరుపగోరునది యాఱవ భాగము. అందు నలువురు పురుషులు పగటివేళ దేవుని కృపయు, రాత్రివేళ పాటయు గలవని నెమ్మదిగా పాడుచుందురు. ఆ పాట సాగుచుండగనే యొక స్త్రీ, దేవుడు తన్నేల మరచెనని మొఱ్ఱపెట్టును. ఆ నలువు రామెను గద్దింపరు. ఆమెయు వారిని విడిచిపోదు. విశ్వాసమును దుఃఖమును ఒక్క హృదయమున నుండగలవని గ్రంథము చదివి తెలిసికొనవచ్చును గాని, ఆ రెండును ఒక్క క్షణమున చెవిని బడుట యిట్టి గానమునందే సాధ్యము. ఏడవ భాగమున నా ప్రశ్నయే మరల వచ్చి, కీర్తనలో లేని యొక స్తుతివాక్యముతో సమస్తము ముగియును.

దుఃఖించువాడు విశ్వాసహీనుడని మనము తొందరపడి తీర్పు తీర్చుచుందుము. తరగతిలో తలవంచుకొని కూర్చున్న బాలుని, ఆరాధనలో పెదవి కదపలేని తల్లిని చూచినప్పుడు ఆ నలువురు గాయకులను జ్ఞాపకము చేసికొందము. మన పాట మానకయే వారి మొఱ్ఱకు చోటియ్యవలెను.