వేడెక్కు మోటారుబండి

జ్వరము రోగము కాదు, రోగమునకు చిహ్నమని వైద్యులు చెప్పుదురు. మోటారుబండి వేడెక్కుటయు నట్టిదే. ముంగట ఆవిరి లేవగానే చెంబెడు నీళ్లు పోసి బండిని సాగించువారు చిహ్నమును మాత్రమే యణచుచున్నారు; కారణము లోపలనే నిలిచియుండును. సీమనుండి వచ్చిన పాత స్పోర్ట్సు కార్లను ముచ్చటపడి కాపాడుకొనువారు నేడును గలరు. అట్టి బండ్లకు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల వేసవి గొప్ప పరీక్ష. వాని రేడియేటరు సంగతి తెలిసికొన్నచో మన విద్యార్థులు తరగతిలో చదువుకొను ఉష్ణశాస్త్రము కంటికి కనబడును. కావున నా విషయమును మే మిచ్చట వివరింపదలచితిమి.

వేడి యెచ్చటికి పోవును?

ఇంజనులో పెట్రోలు మండగా పుట్టు వేడిలో సుమారు మూడవవంతు మాత్రమే చక్రములను త్రిప్పు పనికి వచ్చును. సుమారు మరియొక మూడవవంతు పొగగొట్టము గుండ బయటికి పోవును. మిగిలినదానిలో పెద్దభాగమును నీరు మోసికొని పోవలయును. సిలిండరుల చుట్టునున్న త్రోవలలో నీరు ప్రవహించి, వేడిని గ్రహించి, పై గొట్టము ద్వారా రేడియేటరు పైభాగమును చేరును. అచ్చటనుండి సన్నని నాళముల గుండ క్రిందికి దిగుచు, ఆ నాళముల కతుకబడిన పలుచని రేకుల ద్వారా తన వేడిని గాలి కొప్పగించును. చల్లబడిన నీరు క్రింది గొట్టము ద్వారా మరల ఇంజనును చేరును.

1908వ సంవత్సరమున వెలువడిన ఫోర్డు 'మోడల్ టి' బండ్లలో చాలవాటికి నీటిని త్రోయు పంపు లేదు. వేడినీరు తేలికయై పైకెక్కుట, చల్లని నీరు బరువై క్రిందికి దిగుట అను ప్రకృతిధర్మమే యా నీటిని త్రిప్పెడిది. తరువాతి బండ్లలో పంపును, థర్మోస్టాటు అను చిన్న కవాటమును చేరినవి. ఈ కవాటము ఇంజను చల్లగా నున్నంతవరకు నీటి త్రోవను మూసి, తగిన వేడి రాగానే తెరచును.

భూపాలపల్లికి సమీపమున చెల్పూరునందలి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమును చూచినవారు అచ్చటి శీతల గోపురముల నెరుగుదురు. వాని పనియు నీటి వేడిని గాలి కొప్పగించుటయే. అయితే అచ్చట నీరు చినుకులై గాలిని నేరుగా తాకును. రేడియేటరునందు నీరును గాలియు నెన్నడును కలియవు; నడుమ లోహము అడ్డముగా నుండును. కనుక ఆ లోహము లోపలను వెలుపలను శుభ్రముగా నుండవలయును. రేడియేటరు సంరక్షణమునకు మూలసూత్ర మిదియే.

సీమ బండి, మన యెండ

నిజాము రాష్ట్ర రైల్వే 1932వ సంవత్సరమున 27 బస్సులతోను, 166 మంది యుద్యోగులతోను రోడ్డు రవాణా నారంభించెను. అప్పటి ఆల్బియన్ బస్సులు స్కాట్లండు దేశపు గ్లాస్గో నగరమున తయారైన కంపెనీవి. స్పోర్ట్సు కార్లలో ప్రసిద్ధమైన ఎం.జి. టి.సి. ఇంగ్లండులోని ఆబింగ్డన్ పట్టణమున 1945 మొదలు 1949 వరకు తయారయ్యెను. ఇవి యన్నియు చలిదేశములలో పుట్టిన యంత్రములు.

చలిదేశమున పుట్టుటచే నేమగును? ఒక చిన్న లెక్క వేయుదము. రేడియేటరు విడుచు వేడి, నీటికిని గాలికిని గల వేడి భేదము ననుసరించి యుండును. నీరు 85 డిగ్రీలుండి, గాలి 15 డిగ్రీలున్నచో భేదము 70. మన మే నెలలో గాలి 45 డిగ్రీలున్నచో భేదము 40 మాత్రమే. అనగా అదే రేడియేటరు మనయొద్ద సగముకంటె కొంచె మెక్కువ పనిని మాత్రమే చేయగలదు. సీమలో దాగియుండిన చిన్న లోపము మన యెండలో పెద్దదై బయటపడును.

మరియొక సంగతి. టి.సి. వంటి పాత బండ్ల రేడియేటరులో నీటిపై అదనపు ఒత్తిడి లేదు. అందుచే నీరు 100 డిగ్రీల యొద్దనే మరుగును; సముద్రమట్టమున కెత్తైన మన పీఠభూమిపై ఇంకను కొంచెము ముందే మరుగును. తరువాతి బండ్లలో ఒత్తిడిని నిలుపు మూత వచ్చెను. చదరపు అంగుళమునకు 7 పౌనుల ఒత్తిడి యున్నచో నీరు సుమారు 111 డిగ్రీల వరకు మరుగదు. అయినను పాత రేడియేటరునకు అట్టి మూతను తగిలించుట తెలివి కాదు. ఆ ఒత్తిడికై చేయబడని అతుకులు విచ్చిపోవును.

కారణమును కనుగొను విధము

బండి యెప్పుడు వేడెక్కుచున్నదో మొదట గమనింపవలయును. రైలుగేటు వద్ద నిలిచినపుడు వేడెక్కి, పరుగెత్తునపుడు చల్లబడినచో గాలి చాలుటలేదని తెలియును. అప్పుడు ఫ్యానును, దాని బెల్టును చూడవలెను. బెల్టు వదులైనచో పంపును ఫ్యానును రెండును మందగించును. నిలిచినపుడు బాగుండి వేగముగా పోవునపుడు వేడెక్కినచో, నీరు తగినంతగా ప్రవహించుటలేదని యూహింపవచ్చును, నాళములు పూడియుండవచ్చును. బయలుదేరిన కొలది నిమిషములలోనే మరిగినచో థర్మోస్టాటు మూసికొనిపోయి యుండవచ్చును, లేదా సిలిండరు తలక్రింది గాస్కెట్టు చెడియుండవచ్చును. గాస్కెట్టు చెడినపుడు రేడియేటరు నీటిలో బుడగలు లేచుట, నూనె పాలవలె తెల్లబడుట చూడనగును.

థర్మోస్టాటును పాఠశాల ప్రయోగశాలలోనే పరీక్షింపవచ్చును. దానిని దారముతో కట్టి నీటిపాత్రలో వ్రేలాడదీసి, ప్రక్కన ఉష్ణమాపకము నుంచి, ఉపాధ్యాయుని సమక్షమున నీటిని మెల్లగా కాచవలెను. అనేకములు 80 డిగ్రీల ప్రాంతమున తెరచుకొనును. నీరు మరుగుచున్నను తెరచుకొననిది పనికిరాదు.

రేకుల నడుమ చేరు మలినమును మన ప్రాంతమువారు ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. పత్తి బండ్లు నడుచు కాలమున గాలిలో తేలు దూది పోగులును, బొగ్గుగనుల త్రోవలలో లేచు నల్లని దుమ్మును, పురుగులును చేరి గాలి త్రోవను మూయును. బండి చల్లబడిన పిదప ఇంజను వైపునుండి ముందునకు నీటిని మెల్లగా చిమ్మి కడుగవలెను. మిక్కిలి బలముగా చిమ్మినచో పలుచని రేకులు వంగిపోవును.

లోపలి శత్రువు సున్నపు పెచ్చు. రాతినేల బోరుబావుల నీటిని కాచు పాత్రలలో తెల్లని పెచ్చు కట్టుటను మన తల్లులు దినమును చూచుచునే యున్నారు. రేడియేటరు నాళములలోను అదియే జరుగును. ఆ పెచ్చు వేడిని లోహమునకు చేరనీయదు. కావున బావినీటికి బదులు స్వేదనజలమును, తుప్పు పట్టనీయని కూలెంటును కలిపి పోయుట మంచిది. పూడిక యున్నచో నీటిని తలక్రిందుగా, అనగా క్రిందినుండి పైకి పారించి కడుగవలెను. తీక్షణమైన ఆమ్లములను పోయరాదు. అవి పెచ్చుతో పాటు లోహమును, అతుకును తినివేయును.

ఇవన్నియు సరిగానున్నను బండి వేడెక్కినచో మంట పుట్టు వేళను చూడవలెను. నిప్పురవ్వ ఆలస్యముగా పుట్టినచో పనికి మారవలసిన వేడి వృథాగా నీటిలోనికిని పొగలోనికిని పోవును.

ఇత్తడి పని

పాత రేడియేటరులు రాగితోను, ఇత్తడితోను చేయబడి, తగరము సీసము కలిసిన లోహముతో అతుకబడినవి. ఇత్తడి రేకు పనికి పేరుపొందిన పెంబర్తి గ్రామము జనగామ చెంతనే యున్నది. కారిన బిందెకు మాటు వేయునట్లే కారిన రేడియేటరునకును మాటు వేయవచ్చును. నేటి బండ్లలో అల్యూమినియమును, ప్లాస్టిక్కును వాడుటచే అట్టి సౌలభ్యము లేదు. చాలవరకు క్రొత్తది మార్చవలసినదే. పాత వస్తువు బాగుచేయదగినదై యుండుట దాని గొప్పతనము. కాని బాగుచేయు చేయి నశించినచో ఆ గొప్పతనమును నశించును.

త్రోవలో బండి మరిగినపుడు

ఈ భాగమును పిల్లలు తప్పక చదువవలెను. ఆవిరి కనబడగానే బండిని ప్రక్కకు తీసి ఇంజనును ఆపవలెను. వేడిగానున్న రేడియేటరు మూతను ముట్టరాదు. ఒత్తిడి గల బండిలో మూత తీయగానే ఒత్తిడి పడిపోయి, 100 డిగ్రీలు దాటిన నీరు ఒక్క పెట్టున ఆవిరియై ముఖముపైకి చిమ్మును. చూపు పోవుటకు ఒక్క క్షణము చాలును. కనీసము అరగంట, వేసవిలో ఇంకను ఎక్కువ సేపు ఆగవలెను. పూర్తిగా చల్లబడిన పిదప పెద్దలు మాత్రమే, మందపు గుడ్డ కప్పి, ముఖము ప్రక్కకు తిప్పి, మెల్లగా త్రిప్పవలెను. కాలుచున్న ఇంజనులో చన్నీళ్లు పోయరాదు, ఇనుము పగులును.

ఎవరికైన ఆవిరి తగిలినచో ఆ భాగమును 20 నిమిషములు చల్లని పారునీటి క్రింద నుంచి వైద్యునియొద్దకు తీసికొని పోవలెను. సిరా, పసుపు, పండ్లపొడి మొదలైనవి పూయరాదు.

తొందరపడి మూత తీయువాడు ఒక అరగంటను మిగుల్చుకొని కన్నును పోగొట్టుకొనవచ్చును. చల్లబడువరకు వేచి, కారణమును వెదకి, దానిని సరిచేయువాడు బండినే కాక తన్నును, తనతోడి ప్రయాణికులను కాపాడుకొనును.