కలర్ ఫోటో (తెలుగు చలనచిత్రం)

కలర్ ఫోటో 2020 అక్టోబరు 23న విడుదలైన తెలుగు చలనచిత్రం. మేనిరంగు, ఆర్థిక అంతరం ఒక ప్రేమకథను ఏ విధంగా శాసించాయో హాస్య విషాదాల మేళవింపుతో చెప్పిన చిత్రమిది. దర్శకునిగా సందీప్ రాజ్‌కు ఇది తొలి చిత్రం. కథను సాయి రాజేష్ అందించగా, సంగీతాన్ని కాలభైరవ సమకూర్చాడు. కోవిడ్ కాలంలో ఇది సినిమా హాళ్ళకు కాక ఆహా అనే ఓటీటీ వేదిక ద్వారా నేరుగా ఇంటి తెరపైకి వచ్చింది. 2022లో ప్రకటించిన 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది.

కథాంశం

కథాకాలం 1990వ దశకం. స్థలం కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం. జయకృష్ణ (సుహాస్) పాలు పోసి సంపాదించుకుంటూ ఇంజనీరింగు చదివే నల్లని యువకుడు. అదే కళాశాలలో చదివే దీప్తి (చాందినీ చౌదరి) తెల్లని మేనిఛాయ గలది, కలవారి బిడ్డ. తన రంగుకు వెరచి జయకృష్ణ మనసులోని మాట చెప్పుటకు సంకోచిస్తాడు. దీప్తికి మాత్రం ఆ రంగు అడ్డుగా తోచదు. పోలీసు ఎస్.ఐ. అయిన ఆమె అన్న రామరాజు (సునీల్) ఈ ప్రేమను సహించడు. మిత్రుని పాత్రలో హర్ష చెముడు నవ్వులు పూయించినప్పటికీ కథ విషాదాంతమే. హాస్యనటునిగా పేరొందిన సునీల్ ఇందులో ప్రతినాయకుడు కావడం విశేషం.

వర్ణం - రెండు అర్థాలు

తెలుగులో "వర్ణం" అనే మాటకు రంగు అనే అర్థమే కాక, సామాజిక వర్గం అనే అర్థమూ ఉన్నది. గూడవల్లి రామబ్రహ్మం 1938లో తీసిన మాలపిల్ల రెండవ అర్థాన్ని సూటిగా చర్చించింది. కలర్ ఫోటో మొదటి అర్థాన్ని ముందుకు తెచ్చింది. అయితే జయకృష్ణను దూరం పెట్టినది రంగు ఒక్కటే కాదు, పాలు అమ్ముకొనే అతని జీవనస్థితి కూడా. ధనికుని నలుపును మన్నించే సమాజం పేదవాని నలుపును మన్నించదన్న చేదు నిజం ఈ కథలో అంతర్లీనంగా కనబడుతుంది. తెలుగువారు కొలిచే రాముడు, కృష్ణుడు ఇరువురూ నీలమేఘశ్యాములే. ఆ పేర్లనే ధరించిన ఇద్దరి మధ్య రంగే వైరానికి కారణం కావడం గమనార్హం.

సామాజిక నేపథ్యం

1948 నాటి విశ్వమానవ హక్కుల ప్రకటన రెండవ అధికరణం జాతితో పాటు రంగును కూడా ప్రత్యేకంగా పేర్కొన్నది. భారత రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఆధారంగా వివక్షను నిషేధించింది కాని, అందులో రంగు అనే మాట లేదు. 1975 నుండి భారతదేశంలో అమ్ముడవుతున్న ఫెయిర్ అండ్ లవ్లీ అనే ముఖలేపనం, ఈ చిత్రం విడుదలైన 2020లోనే "ఫెయిర్" అనే పదాన్ని విడిచి గ్లో అండ్ లవ్లీగా మారింది. పేరు మారినంత సులువుగా పెళ్ళిచూపులలో "అమ్మాయి రంగు ఎలా ఉంటుంది?" అనే ప్రశ్న మారలేదు. చట్టానికి అందని ఈ వివక్ష ఇంటిలోనే, అయినవారి మాటలలోనే మొదలవుతుందని ఈ చిత్రం గుర్తుచేస్తుంది.